పద్నాలుగో షీటు

కందిచేను పూతమీదుంది. ఆ పూతమీదుగానే జేసీబీ నడిచింది.

ములుగు దాటాక అడవి అంచున మా కాలేజీ బస్సు ఆగింది. ఉపగ్రహం ఫోటోలో చూసినదాన్ని నేలమీద సరిచూసుకోవడం మా రిమోట్ సెన్సింగ్ కోర్సులో ఒక పాఠం. ఏడాదికి ఒకే రోజు. అదీ ఫోటోలు చూసి మ్యాపు షీట్లన్నీ రంగులతో నింపి, మార్కులు పడ్డాక. ఇరవై ఇద్దరం కిటికీల్లోంచి చూస్తుండగా ఒక ముసలామె జేసీబీకి ఎదురుగా చేలో బైఠాయించింది. అడ్డం వచ్చిన ఆమె తమ్ముడు మొగిలయ్యను గార్డులు కొట్టి జీపులో పడేశారు.

"ఇది అడవి. 2005లో గూడ అడవే. ఫోటో చెప్తాంది" అంటూ రేంజర్ మ్యాపు విప్పాడు.

"ఏం ఫోటో సారూ? నా పెండ్లయిన ఏడు కొట్టిన పోడు ఇది. నా పిల్లలు ఈ చేన్లనే నడక నేర్సిండ్రు."

నేను దిగి దగ్గరకెళ్లి చూశాను. మ్యాపు కింద మా కాలేజీ ముద్ర. పద్నాలుగో షీటు. మూలన నా పేరు, స్రవంతి.

మా ల్యాబులో ఫోటోలు మామూలు రంగుల్లో ఉండవు. పచ్చటి ఆకు ఎర్రగా, దున్నిన నేల నీలిబూడిదగా, నీళ్లు నల్లగా కనిపిస్తాయి. "ఎరుపుంటే చెట్టు. చెట్టుంటే అడవి. నింపండి" అని లక్ష్మీనారాయణ సార్ మొదటిరోజే చెప్పాడు. ప్రాక్టికల్స్ పేరుతో మాతో నింపించిన షీట్లే 2005 నాటికే పోడు దున్నుతున్నవాళ్లు పెట్టుకున్న పట్టాల అర్జీలను కొట్టేయడానికి పోతున్నాయని ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఆ ఎరుపులో దూరం దూరంగా గుండ్రటి మచ్చలు చూసి, అడవిలో చెట్లు ఇలా ఉంటాయా అని ఒక్క క్షణం అనుమానపడ్డాను. కానీ ఐదింటికి షీటు అప్పగించాలి. అడవి రంగు నింపేశాను. సిగ్గులేని చెయ్యి.

"అవ్వా, చేన్ల ఆ పెద్ద చెట్లేంటివి?"

"ఇప్పచెట్లు బిడ్డా. పోడు కొట్టేటప్పుడు ఇప్పమీద గొడ్డలి పెట్టం. ఎండకాలం కడుపు నింపేదే అది. నాలుగెకరాల్ల పదకొండున్నయి."

ఆమె పేరు సమ్మమ్మ. తిరుగు ప్రయాణంలో బస్సంతా గొడవ. "మనం స్టూడెంట్లం, మనకెందుకు" అన్నాడు అఖిల్. "నీ షీట్ల ఎన్ని చేన్లున్నయో చూసినవా?" అంది ప్రేమలత. చూసినవాళ్లం ఒక్కరమూ లేము. సమ్మమ్మను ల్యాబుకు పిలుద్దామన్నాను. అఖిల్ కూడా సరేనన్నాడు.

మూడోరోజు సమ్మమ్మ ముప్పైమందితో రెండు జీపుల్లో హనుమకొండ వచ్చింది. వాచ్‌మన్ అడ్డుకున్నాడు. "మా భూములు మీ లోపట్నే ఉన్నయంట. చూసి పోతం" అని లోపలికి నడిచింది. పద్నాలుగో షీటు ఫోటోను తెరమీద పెట్టాను. ఆమె తెర దగ్గరికి నడిచింది. తర్వాత వేలు కదిలింది.

"ఈ నల్లగీత వాగు గదా. ఇది సోమక్కోళ్ల బండ. అడివి సూడు, గరుకుగుంది. నా చేను సూడు, దువ్వినట్టు మెత్తగుంది."

ఆకృతిని బట్టి గుర్తుపట్టడమనే ఈ పాఠానికి మాకు ఒక సెమిస్టరు పట్టింది.

"అయినా గీ ఫోటో ఎప్పటిది?"

"2005 డిసెంబరుది, అవ్వా."

"కంది నిండుగున్నప్పుడు తీస్తే అడివోలెనే ఉంటది. మృగశిర కార్తెల ఫోటో లేదా? అప్పటికి అడివి చిగురేసి ఉంటది. మేం దున్ని ఉంటం."

వెతికింది అఖిలే. అదే ఏడు, జూన్ నెల ఫోటో మా సర్వర్లోనే ఉంది. ఎవరూ తెరవలేదు. తెరిచాడు. చుట్టూ అడవి ఎర్రగా ఉంది. నడుమ నాలుగెకరాలు నీలిబూడిదగా ఉన్నాయి. అందులో ఎర్రటి చుక్కలు. సమ్మమ్మ వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టింది. పదకొండు.

లక్ష్మీనారాయణ సార్ పరుగున వచ్చాడు. "రిపోర్టు ఎప్పుడో పోయింది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే మన డిపార్ట్‌మెంట్ పరువేం కావాలి?"

"వాళ్లకు తిండిపెట్టే భూమి పోతాంది సార్. మీరు పరువంటాండ్రు!" అన్నాడు అఖిల్. బస్సులో మనకెందుకన్నవాడు.

మా షీట్లు తప్పని ఇరవై ఇద్దరం సంతకాలు పెట్టి కలెక్టరాఫీసులో ఇచ్చాం. ముద్ర కొట్టి రసీదు చేతిలో పెట్టారు. అంతే. వారం గడిచింది. మళ్లీ వెళ్తే "పరిశీలనలో ఉంది" అన్నారు. అక్కడ చేల చుట్టూ ఫారెస్టువాళ్ల కందకం తవ్వకం మాత్రం ఏ పరిశీలనకూ ఆగలేదు. మొగిలయ్యకు బెయిలు రాలేదు. సంతకాలు వాపసు తీసుకోకపోతే ప్రాక్టికల్‌లో ఫెయిల్ చేస్తానని సార్ బెదిరించాడు. తప్పు చేయడానికి ఒక్క సాయంత్రం సరిపోయింది. దిద్దడానికి ఏ ఆఫీసులోనూ కుర్చీ లేదు.

పరీక్షరోజు మాకు కొత్త ఫోటోలిచ్చారు. ముందురోజే డ్రోన్‌తో తీసినవి. ఆ వాగు, ఆ బండ, ఆ పదకొండు చెట్లు. చేను చుట్టూ సగం తవ్విన కందకం. కందకంలో వరసగా చిన్న చిన్న చుక్కలు, ఒక్కోదాని పక్కన ఒక్కో నీడ. పెద్దది చేసి చూశాను. మనుషులు. ఊరంతా కందకంలో దిగి కూర్చుంది.

"అడవి, పంట, నీళ్లు, బంజరు. నాలుగే రంగులు. నింపండి" అన్నాడు సార్.

అఖిల్ లేచాడు. "కందకంల మనుషులున్నరు సార్. వాళ్లకు ఏ రంగెయ్యాలె?"

"అవన్నీ వదిలెయ్. బంజరులో కలుపు."

నేను లేచాను. ప్రేమలత లేచింది. ఇరవై రెండు కుర్చీలు వెనక్కి జరిగాయి. ఒక్క షీటూ నింపకుండా బయటికొచ్చి, ములుగు బస్సెక్కాం.

మేం చేరేసరికి ఎండ దిగలేదు. సమ్మమ్మ మమ్మల్ని చూసి నవ్వలేదు, ఏడవలేదు. "జర జరుగున్రి, పిల్లలు కూసుంటరు" అంది. మట్టిలో దిగి వాళ్ల మధ్య కూర్చున్నాం.

కాసేపటికి తలమీద డ్రోన్ రొద మొదలైంది. సమ్మమ్మ లేచి నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి అరిచింది.

"మంచిగ తియ్యి! నిన్నటికంటె ఎక్కువున్నం!"