చవకగా కొన్న పేరు

శనివారం ఉదయం. లూథరన్ చర్చి కింది వంటగదిలో ఆడవాళ్లు బల్లకు అటూ ఇటూ నిలబడి పాస్టీలు చుడుతున్నారు. మాంసం, బంగాళాదుంప, ఉల్లి ముక్కలు పిండిలో పెట్టి అంచులు మడిచి పళ్లేల్లో సర్దుతున్నారు. మధ్యాహ్నానికి అవన్నీ అమ్ముడైపోతాయి. వచ్చిన డబ్బు 'ఇంటిదాకా' సేవకు పెట్రోలు ఖర్చు.

'ఇంటిదాకా'ను మొదలుపెట్టింది డోరీన్ సావెలా. చాలా ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. అమెరికా ఉత్తరపు అంచున ఉన్న మా ద్వీపకల్పంలో కిడ్నీలు దెబ్బతిన్న ముసలివాళ్లు డయాలిసిస్‌కు గంటకు పైగా ప్రయాణం చేసి పట్నం వెళ్లాలి. సుపీరియర్ సరస్సు మీదుగా మంచు మొదలైందంటే సొంత కారున్నవాళ్లే గడప దాటడానికి జంకుతారు. అలాంటివాళ్లను తీసుకెళ్లి, పనయ్యాక ఇంటిదాకా దింపడానికి డోరీన్ కొందరు స్వచ్ఛంద డ్రైవర్లను కూడగట్టింది. బండి కావాలంటే వెబ్‌సైట్‌లో చూసి మెయిల్ పంపితే చాలు. దూరాన ఉంటున్న వాళ్ల పిల్లలకు అదే పెద్ద ఆసరా.

ఆ వెబ్‌సైట్ బాధ్యత డోరీన్ అన్న నార్మన్‌ది. ఒకప్పుడు ఊళ్లో సామాన్ల దుకాణం నడిపాడు. మేకుల దగ్గర్నుంచి నీళ్ల పంపుల దాకా అమ్మేవాడు. పొదుపు ఆయనకు మతం లాంటిది. ఆ ఉదయం చేతిలో కాఫీ కప్పుతో వంటగదిలోకి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మన వెబ్‌సైట్‌కి పేరు కొనేశాను. ఎంతకో చెప్పండి చూద్దాం."

"నువ్వే చెప్పేస్తావులే, ఆగలేవు," అంది డోరీన్ తలెత్తకుండా.

"ఈ కాఫీ కన్నా తక్కువకి."

బల్ల చివర లైబ్రేరియన్ బెవర్లీ టోలోనెన్ పిండి చేతులు తుడుచుకుంటూ అడిగింది. "ఆ ధర మొదటి ఏడాదికా, ప్రతి ఏడాదికా?"

"మొదటి ఏడాదికే. రెండో ఏడాది సంగతి రెండో ఏడాది చూసుకుందాం."

"ఏదైనా తేడా వస్తే ఫోన్ ఎత్తే మనిషి ఉన్నాడా అక్కడ?"

"పేరుకి ఏం తేడా వస్తుంది బెవర్లీ? అదేమన్నా పంపా, కారడానికి?"

అందరూ నవ్వారు. బెవర్లీ కూడా నవ్వేసి పనిలో పడింది.

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఇంటర్నెట్‌లో వెబ్‌సైట్‌కైనా, దాని మెయిల్‌కైనా మనకంటూ ఒక చిరునామా ఉండాలంటే ఆ పేరును ఏటేటా డబ్బు కట్టి నిలబెట్టుకోవాలి. అలా పేర్లు నమోదు చేసి ఇచ్చే కంపెనీలను రిజిస్ట్రార్లు అంటారు. అవి వందల్లో ఉన్నాయి. కొన్ని మరీ చవక. చవకగా ఇచ్చేవన్నీ మోసమని అనుకోవడం అన్యాయం. పేరు ఎవరి దగ్గర కొన్నా పని ఒకేలా చేస్తుంది. నిజం చెప్పాలంటే ఆ చవక ధరే లేకపోతే 'ఇంటిదాకా'కు ఆ ఏడాది వెబ్‌సైటే ఉండేది కాదు. ఈ సేవను నడిపే కమిటీ చేతిలో ఉన్న డబ్బు అంతంతమాత్రం. అలా మిగిలినది డోరీన్ వ్యాన్‌కు మంచు టైర్లు కొనడానికి కలిసొచ్చింది. కాబట్టి నార్మన్ చేసింది పిచ్చిపని అని ఆ రోజు ఎవరూ అనలేరు. ఆయన తప్పు వేరే చోట ఉంది. కొన్న తర్వాత దాన్ని తిరిగి చూడకపోవడంలో ఉంది.

ఆ కంపెనీ ధర తగ్గించినా అమ్మడం మానలేదు. ఇంకో పేరు కొనండి, దీనికి కాపలా కొనండి, ఈ వారమే సగం ధర అంటూ 'ఇంటిదాకా' మెయిల్ పెట్టెలోకి ఉత్తరాల మీద ఉత్తరాలు పంపేది. వాటి మధ్య ముసలివాళ్ల ఉత్తరాలు కనబడకుండా పోతున్నాయని నార్మన్ విసుక్కుని, ఆ కంపెనీ నుంచి వచ్చేదంతా నేరుగా చెత్తబుట్టలోకి పోయే ఏర్పాటు చేశాడు. గడువు దగ్గర పడిందన్న హెచ్చరికలూ అందులోకే పోయాయి. రెండో ఏడాది ధర అనేక రెట్లు పెరిగిందన్న కబురూ అందులోకే పోయింది. ఈలోగా బ్యాంకు ఆయన పాత కార్డు మార్చి కొత్తది ఇచ్చింది. కంపెనీ పాత కార్డు మీద డబ్బు తీసుకోబోతే రాలేదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం 'ఇంటిదాకా' పేరు గడువు తీరిపోయింది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఊరి చివర ఒంటరిగా ఉండే ఇంపి కార్వోనెన్‌కు ఎనభై దాటాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్, అందులో గురువారం వంతు డోరీన్‌ది. ఆ వారం పెద్ద మంచు తుఫాను రాబోతోందని డయాలిసిస్ కేంద్రం వాళ్లు ఆమెను ఒకరోజు ముందే రమ్మన్నారు. మినియాపోలిస్‌లో ఉన్న కూతురు గ్లోరియా ఆ మార్పు రాసి 'ఇంటిదాకా'కు మెయిల్ పంపింది. ఆ మెయిల్ ఎవరికీ చేరలేదు. తిరిగి వెనక్కీ రాలేదు. బుధవారం ఇంపి కోటు వేసుకుని, సంచి సర్దుకుని వరండాలో చాలాసేపు కూర్చుంది. ఎవరూ రాలేదు. తనూ ఎవరికీ ఫోన్ చేయలేదు. ఊరికే సాయం చేసేవాళ్లను వేధించడం ఎందుకనుకుని లోపలికి వెళ్లి కోటు విప్పేసింది. గురువారం తుఫాను రోడ్లన్నీ మూసేసింది. శుక్రవారం పొద్దున్న ఆమెకు ఊపిరి ఆడలేదు. పక్కింటివాళ్లు చూసి అంబులెన్స్‌ను పిలిచారు.

గ్లోరియా డోరీన్‌కు ఫోన్ చేసింది. గొంతులో కోపం కన్నా అయోమయమే ఎక్కువ ఉంది.

"మీకు రాశానండీ. జవాబు రాకపోతే ఏముందిలే అనుకున్నాను. మీరు ఎప్పుడూ వచ్చేస్తారు కదా."

"నాకు మీ మెయిల్ రాలేదమ్మా. గురువారం తుఫానని కేంద్రమే వద్దంది కాబోలు అనుకున్నాను. ఆవిడ ఎలా ఉన్నారు?"

"ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు డయాలిసిస్ యంత్రం మీద ఉంది. ఏ మాటా సాయంత్రం దాకా చెప్పలేమన్నారు."

డోరీన్ ఫోన్ పెట్టేసి వెబ్‌సైట్ తెరిచింది. అక్కడ డ్రైవర్ల ఫొటోలు లేవు, తన ఫొటో లేదు. తక్షణ రుణాలు, జూదం ఆటల ప్రకటనలు మెరుస్తున్నాయి. ఆమె వ్యాన్ తీసుకుని నేరుగా అన్న ఇంటికి వెళ్లింది.

"ఇది చూడు నార్మన్."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "డబ్బు కట్టేస్తే సరిపోతుంది. ఇప్పుడే కట్టేస్తా. నువ్వు కూర్చో," అన్నాడు.

కట్టాలంటే కంపెనీ ఖాతాలోకి వెళ్లాలి. వెళ్లాలంటే వాళ్లు మెయిల్‌లో పంపే అంకెలు కొట్టాలి. ఆ అంకెలు వెళ్లేది 'ఇంటిదాకా' మెయిల్‌కు. పేరుతో పాటే ఆ మెయిల్ కూడా చచ్చిపోయింది. గదికి తాళం వేసి తాళంచెవి లోపలే వదిలేసినట్టయింది. ఫోన్ నంబరు కోసం వెతికితే ఎక్కడా లేదు. ప్రశ్నలకు జవాబు చెప్పే ఒక యంత్రం మాత్రం ఉంది.

"మీకు సాయపడటం మాకు సంతోషం. మీ మెయిల్‌కు కోడ్ పంపాము," అని రాసింది యంత్రం.

"ఆ మెయిల్ పనిచేయడం లేదు. అందుకేగా మీ దగ్గరికి వచ్చింది," అని కొట్టాడు నార్మన్.

"మీకు సాయపడటం మాకు సంతోషం. మీ మెయిల్‌కు కోడ్ పంపాము."

"ఒక ముసలావిడ ఆసుపత్రిలో ఉంది. ఎవరైనా మనిషిని పిలవండి."

అదే జవాబు మళ్లీ వచ్చింది. నార్మన్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

"మన షాపు మూసేసిన ఏడాది గుర్తుందా డోరీన్?" అన్నాడు.

"ఇప్పుడు షాపు సంగతెందుకు?"

"హైవే మీద పెద్ద దుకాణం పెట్టారు. నా పంపు కన్నా వాళ్ల పంపు చవక. జనమంతా అక్కడే కొన్నారు. జనవరిలో పంపు గడ్డకట్టిపోతే మాత్రం నా తలుపు కొట్టారు. అక్కడ అడిగితే చెప్పే దిక్కు లేదు నార్మన్, నువ్వొచ్చి చూడు అనేవాళ్లు. నేను వెళ్లి బాగుచేసేవాణ్ని. బాగుచేసి వస్తూ దారంతా తిట్టుకునేవాణ్ని. వీళ్లకి ధర ఒక్కటే కనిపిస్తుంది, వెనకాల నిలబడే మనిషి కనిపించడని." ఆయన తెర వైపు చూపించాడు. "నేనూ అదే చేశాను."

డోరీన్‌కు ఆయన మీద వచ్చిన కోపం ఎటు పోయిందో తెలియదు. "లేచి కోటు వేసుకో. ముందు మిగతావాళ్ల సంగతి చూద్దాం. ఇంకెంతమంది రాసి ఎదురుచూస్తున్నారో," అంది.

ఆ రోజు ఇద్దరూ మంచులో ఇల్లిల్లూ తిరిగారు. బెవర్లీ లైబ్రరీలో కూర్చుని ఫోన్లు చేసింది. ఊరి రేడియోలో డోరీన్ ఫోన్ నంబరు చదివించింది. ఇంకో ఇద్దరు ఇలాగే రాసి జవాబు లేక కూర్చున్నారని తేలింది. అదృష్టం బాగుండి వాళ్లను సమయానికి చేర్చగలిగారు. రేడియో విన్న కొత్తవాళ్లు కొందరు ఫోన్ చేసి, మేమూ బండి నడుపుతాం, మాకూ ఒక వంతు ఇవ్వండి అన్నారు. కంపెనీకి ఏం పంపితే మనిషి కదులుతాడో కూడా బెవర్లీయే వెతికి పట్టుకుంది. పాత చెల్లింపు రుజువు, నార్మన్ గుర్తింపు కార్డు జతచేసి కంపెనీకి పంపి, పేర్ల కంపెనీల మీద అజమాయిషీ ఉన్న సంస్థకు ఫిర్యాదు కూడా రాసింది. గడువు తీరిన పేరును కొంతకాలం అట్టేపెట్టి, ఆ తర్వాత వేలం వేస్తారు. ఆ లోపల కదిలించాలని ఆమె ఆరాటం.

ఇంపి గండం గడిచిందని శనివారం తెలిసింది. నార్మన్ ఒక్కడే ఆసుపత్రికి వెళ్లాడు. ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

"రా, కూర్చో. నీ మొహం చూస్తుంటే ఈ మంచం నాకన్నా నీకే అవసరంలా ఉంది."

"తప్పు నాదండీ," అన్నాడు నార్మన్.

"డోరీన్ చెప్పింది. ఏదో పేరు పోయిందట. పేరు పోతే బండి రాకపోవడమేమిటో నాకు బోధపడలేదు."

"మీ అమ్మాయి ఉత్తరం రాసింది. అందుకోవాల్సిన పెట్టెను నేనే పోగొట్టాను. చవకగా వచ్చిందని కొని, మళ్లీ దానివైపు చూడలేదు."

ఇంపి దుప్పటి సర్దుకుంది. "నేనూ ఫోన్ చేయాల్సింది. మీరంతా ఊరికే చేస్తున్నారు, సతాయించడం ఎందుకని ఊరుకున్నా."

"ఊరికే చేస్తున్నాం కాబట్టి ఎలా చేసినా చెల్లుతుందని నేనూ అనుకున్నానేమో. అదే తప్పండీ."

"ఆ మాట నాకు కాదు, మీ కమిటీలో చెప్పు. ఆ గ్లాసు ఇలా అందుకో. ఈ కిడ్నీలకి గుక్కెడే ఇస్తారు, అదైనా తాగనీ."

కొన్నాళ్లకు కంపెనీ నుంచి ఒక మనిషి పేరుతో జవాబు వచ్చింది. మర్యాదగానే రాశాడు. పెరిగిన ధర కట్టాక 'ఇంటిదాకా' మళ్లీ తెరుచుకుంది. మార్చిలో కమిటీ సమావేశమైంది. ఇంపి కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది.

లియోనార్డ్ అనే పాత డ్రైవరు లేచాడు. "ఇక వాదన అనవసరం. అన్నిటికన్నా ఖరీదైన కంపెనీకి వెళ్లిపోదాం, పీడా పోతుంది."

బెవర్లీ తల అడ్డంగా ఊపింది. "ఖరీదు ఫోన్ ఎత్తదు లియోనార్డ్. నేనూ నార్మన్ వారమంతా రకరకాల కంపెనీలకు ఫోన్లు చేసి చూశాం. బాగా డబ్బు తీసుకునే ఒక చోట పాట వినిపించి వినిపించి లైను కట్ చేశారు. మధ్యరకం ధర ఉన్న ఒక చోట ఒకావిడ వెంటనే మాట్లాడింది. రెండో ఏడాది ధర ఎంతో అడక్కముందే చెప్పింది. నచ్చకపోతే పేరు తీసుకుని వెళ్లిపోవచ్చు, అడ్డు పెట్టం అంది."

"మరి నీ చేపల గాలాల వెబ్‌సైట్ సంగతేంటి నార్మన్?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. "అదీ ఆ చవక కంపెనీలోనే ఉందిగా."

"అక్కడే ఉంటుంది," అన్నాడు నార్మన్. జనం నవ్వారు. ఆయన కూడా నవ్వి, నిలబడ్డాడు.

"నవ్వండి, పర్వాలేదు. ఆ గాలాల పేజీ రేపు మాయమైతే బాధపడేది నేనొక్కణ్ని. సరదాకి పెట్టుకున్నదానికి, ఏదైనా కొత్త పని నడుస్తుందో లేదో చూడ్డానికి ఆ చవక ధర మంచిదే. మనం మొదలుపెట్టగలిగింది కూడా దానివల్లే. కానీ మన పేరు చూసి జనం రాయడం మొదలుపెట్టిన రోజునే నేను లేచి మళ్లీ లెక్క వేయాల్సింది. వచ్చే ఏడాది ఎంత, ఆగిపోతే ఎవరిని పిలవాలి, నాకు జ్వరమొస్తే ఇంకెవరు చూస్తారు, ఇవేవీ అడగలేదు. ఇకమీద పేరు నా సొంతం కాదు, సేవ పేరున ఉంటుంది. కంపెనీ హెచ్చరికలు నాకూ బెవర్లీకీ ఇద్దరికీ, ఈ పేరుతో సంబంధం లేని మెయిళ్లకు వస్తాయి. కొన్నేళ్లకు సరిపడా డబ్బు ఒకేసారి ముందే కట్టేద్దాం. మన ఫోన్ నంబరు ప్రతి ఇంట్లో గోడ మీద ఉండాలి."

ఆ మధ్యరకం కంపెనీకి మారడానికి సరేనని లియోనార్డ్ చెయ్యి ఎత్తాడు. అందరూ ఎత్తారు.

ఏప్రిల్‌కల్లా రోడ్ల మీద మంచు కరిగింది. కొత్త డ్రైవర్లు చేరడంతో పక్క ఊళ్ల వాళ్లకూ బండి పంపగలిగారు. ఇంపిని తీసుకెళ్లే వంతు నార్మన్ అడిగి తీసుకున్నాడు. ఒక గురువారం తిరుగు ప్రయాణంలో ఆమె అడిగింది.

"పొదుపు మానేశావటగా?"

"ఎవరన్నారు? ఈ పెట్రోలు కూడా ధర చూసే కొట్టించాను."

"మరి మారిందేమిటి?"

నార్మన్ ఆమె ఇంటి ముందు బండి ఆపి, ఇటు దిగి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాక చెప్పాడు.

"కొనేముందు ఇప్పుడు ఇంకొకటి కూడా అడుగుతున్నానండీ. ఇది చెడిపోతే నష్టం ఎవరికి అని. నాకైతే ఎంత చవకదైనా కొనుక్కుంటాను. నన్ను నమ్ముకున్నవాళ్లకైతే, చవకతో సరిపెట్టే హక్కు నాకు లేదు."