ఇంజన్ ఆపి చూసిన నూనె

ఇస్మాయిల్ షెడ్డులో ఒక కట్టడి ఉండేది. ఇంజన్ నడుస్తుండగా బానెట్ కింద ఎవరూ చెయ్యి పెట్టకూడదు. అది అతని ఉస్తాద్ మునవ్వర్ పెట్టిన కట్టడి. ఆయన కుడిచేతి రెండు వేళ్లను ఒక లారీ ఫ్యాను మింగేసింది. మిగిలిన మూడు వేళ్లతోనే ఆయన శిష్యుల చెవులు మెలిపెట్టి ఆ సంగతి నేర్పాడు. చెవి మెలిపెట్టడానికి మూడు వేళ్లు బాగా సరిపోతాయని వనపర్తి మెకానిక్కుల్లో సగంమందికి తెలుసు. ఉస్తాద్ పోయి పదేళ్లయినా ఇస్మాయిల్ ఆ మాట తప్పలేదు. పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, బిస్మిల్లా అనుకుని నూనె కొలిచే కమ్మీ బయటికి లాగేవాడు. లారీ అయినా, జీపయినా, శాంతయ్య సారు కారయినా అంతే.

శాంతయ్య సారు గోపాల్‌పేటలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టరు. షుగరు ముదిరి ఎడమకాలు మోకాలిదాకా తీసేశారు. ఆ మరుసటి ఏడే హైదరాబాదులో ఏదో నవాబుల ఇంట మూలపడి ఉన్న పాత జర్మనీ డీజిల్ కారు కొనుక్కొచ్చాడు. వెనకాల మంచం పట్టేంత జాగా ఉన్న పొడుగాటి బండి. ఒంటికాలి మాస్టరుకు కారెందుకని ఊరంతా నవ్వింది. ఆ కారుకు క్లచ్ లేదని, గేర్లు వాటంతటవే పడతాయని, కుడికాలొక్కటే చాలని ఊరికేం తెలుసు? ఆదివారం పూట భార్య ఏసమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆయన వనపర్తి చర్చికి తోలుకొచ్చిన రోజు నవ్విన నోళ్లన్నీ మూతపడ్డాయి. ఆ సీట్లో ఏసమ్మ కూర్చునే తీరు చూసి తీరాలి. ఏ కలెక్టరు భార్యా అంత దర్జాగా కూర్చుని ఉండదు.

నాలుగేళ్లు అలా గడిచాయి. రెండువేల ఏడు ఎండాకాలంలో కారు మొండికేసింది. ఇంజన్ గొంతు చించుకుంటుంది, చక్రాలు మాత్రం కదలవు. గేర్‌బాక్సు పోయిందన్నాడు ఇస్మాయిల్. సరిగ్గా ఆ నెలలోనే ఏసమ్మ కడుపులో గడ్డ ముదిరిపోయిందని, ఇక ఇంటికి తీసుకుపొమ్మని కర్నూలు డాక్టర్లు చెప్పేశారు. ఆమె కోరింది ఒక్కటే. తను పుట్టిన అలంపూర్‌లో, అమ్మానాన్నల సమాధుల దగ్గర ఒక్కపూట కూర్చుని రావాలి.

"టాక్సీ పిలుస్త, రేపే పోదాం," అన్నాడు సారు.

"టాక్సీ నాకెందుకు? నువ్వు తోలితెనే పోత. నీ పక్కన కూసొని పోత," అంది ఏసమ్మ. చూడవచ్చిన ఇస్మాయిల్ వైపు తిరిగి, "కొడుకా, జర జల్ది చెయ్యి. నాకు తీరిక తక్కువున్నది," అని నవ్వింది. ఆ నవ్వు చూడలేక ఇస్మాయిల్ తల దించుకున్నాడు.

జీపు గేర్‌బాక్సు వేసెయ్యమని దారినపోయేవాళ్లంతా సలహా ఇచ్చారు. క్లచ్ తొక్కే కాలు ఎక్కణ్ణుంచి తెస్తారో మాత్రం ఒక్కడూ చెప్పలేదు. ఇస్మాయిల్ పాత గేర్‌బాక్సును ఆటోలో వేసుకుని, దాన్ని బస్సెక్కించి హైదరాబాదు పోయాడు. మూడు వారాలు వెతికితే ఫయాజ్ అనే ముసలి మెకానిక్ దగ్గర అలాంటిదే ఇంకొకటి దొరికింది. ఫయాజ్ పాతదాన్ని విప్పి వాసన చూశాడు.

"లోపలి పలకలన్నీ కాలినయ్ మియా. నూనె తక్కువై కాలినయ్."

"తక్కువెట్లయితది భాయ్? నాలుగేండ్ల సంది నెలనెలా నేనే చూస్తుంటి. ప్రతిసారి నిండుగనే ఉండె."

"ఎట్ల చూస్తుంటివి?"

"పొద్దుగాల. ఇంజన్ ఆపి."

ఫయాజ్ చేతిలోని కాలిన పలకను కింద పెట్టాడు. "ఇది వేరే తీరు గేర్‌బాక్సు. ఇంజన్ నడుస్తుండంగ, వేడి మీద చూడాలె. ఆపితే పైనున్న నూనెంత కిందికి దిగి కమ్మీ మీద నిండుగ కనిపిస్తది. నాలుగేండ్లు నువ్వు ఖాళీ బాక్సును నిండుగుందనుకున్నవ్."

ఆ మాట ఇస్మాయిల్ గుండెలో మేకులా దిగింది. సారు నమ్మి అప్పగించిన బండిని తన చేతులతో తనే చంపాడు. తిరిగొచ్చిన రోజే చెప్పాల్సింది. ముందు అమ్మను అలంపూర్ పోయిరానీ, తర్వాత చెబుదాంలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. భయానికి అంతకన్నా మంచి సాకు దొరకదు.

నాలుగు రోజులు అన్నం కూడా షెడ్డుకే తెప్పించుకుని పనిచేశాడు. బాక్సు ఎక్కింది, బోల్టులు బిగిశాయి. ఇక నూనె గొట్టాలు తగిలించి, నూనె పోసి, ఒకసారి తోలి చూడటమే మిగిలింది. శుక్రవారం మధ్యాహ్నం ఆటోలోంచి శాంతయ్య సారు చంకకర్ర ఊతంతో దిగాడు. ఆయన ముఖం చూడగానే ఇస్మాయిల్‌కు అర్థమైపోయింది.

"ఏసమ్మ పోయింది ఇస్మాయిలూ. బండి నడుస్తదా?"

"రేపటికి నడుస్తది సారూ."

"నేనే తోల్త. అలంపూర్‌ల మట్టి చేస్తం."

మర్నాడు పొద్దున వెనక సీట్లు మడిచి ఏసమ్మ ఉన్న పెట్టెను లోపలికి ఎక్కించారు. పెట్టె పక్కన ఒక మనిషి ముడుచుకుని కూర్చునే జాగా మిగిలింది. చర్చివాళ్లు వెనక జీపులో వచ్చారు. కొత్తగా వేసిన బాక్సు కదా, దారిలో చూసుకోవాలని ఇస్మాయిల్ ముందు సీట్లో, ఏసమ్మ సీట్లో కూర్చున్నాడు. బండి నీళ్లలా సాగింది. పెబ్బేరు దాటారు, బీచుపల్లి దగ్గర కృష్ణమ్మను దాటారు. ఎర్రవల్లి చౌరస్తాలో ఇస్మాయిల్ ఆపమన్నాడు.

"నూనె చూడాలె సారూ. ఇంజన్ బంద్ చెయ్యద్దు."

బానెట్ ఎత్తి, తిరుగుతున్న ఫ్యాను పక్కనుంచి చెయ్యి పోనిచ్చి కమ్మీ లాగాడు. కొంచెం తక్కువుంటే పోసి, మళ్లీ చూసి, వచ్చి కూర్చున్నాడు. సారు బండి కదిలించలేదు. లెక్క తప్పిన పిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఇన్నేండ్లు ఇంజన్ ఆపి చూస్తుంటివి గద?"

ఇక దాచలేకపోయాడు. "తప్పు నాదే సారూ. నాకు తెల్వకపాయె. నూనె లేకనే కాలింది. హైదరాబాద్‌ల తెలిసినా మీకు చెప్పలేకపోయిన. నేను సక్కగ చూసుంటే అమ్మ మీ పక్కన కూసొని పోతుండె." ఏడుపు ఆగలేదు.

సారు చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. వెనక జీపువాడు హారన్ కొట్టాడు.

"నాకెందుకు చెప్తవ్?" అన్నాడాయన. "ఆ సీటు దిగు. ఎనక పోయి కూసో. ఆమెకు చెప్పు."

ఇస్మాయిల్ దిగి వెనక్కి పోయి, పెట్టె పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. కారు కదిలింది. చెక్క మీద చెయ్యి ఆనించి, "అమ్మా," అని మొదలుపెట్టాడు. ముందు ఆ సీటు అలంపూర్ దాకా ఖాళీగానే ఉంది.