షేబ రాణి అడిగిన ప్రశ్నలు

కొబ్బరి తురుముతూ ఐసిల్డా పెరట్లో మగవాళ్ళ మాటలు వింటోంది. జమైకా కొండల్లో రాస్తా మతస్థులుండే ఆ వాడలో ప్రతి శనివారం పొద్దున్నే సోదరులు గుండ్రంగా కూర్చుని, ‘జా’ అని తాము పిలుచుకునే దేవుణ్ణి బైబిలు మాటల్లో వెతుక్కుంటారు. అందరిలో ఉన్నదీ ఒకే జా కనుక నువ్వు, నేను అనే తేడా లేదంటారు. తేడా లేని ఆ పదిమందికీ, వాళ్ళ నియమం ప్రకారం ఉప్పు లేకుండా గుమ్మడికాయ, పెండలం వండిపెట్టేది మాత్రం ఆమె ఒక్కతే.

ఆవేళ మాట్లాడుతున్నది ఆమె భర్త ఎఫ్రాయిము. “షేబ రాణి సొలొమోను దగ్గరికి బంగారం చూడ్డానికి పోలేదు, బ్రదర్. చిక్కు ప్రశ్నలు పట్టుకుని పోయింది. అడిగినవాళ్ళకే జా పలుకుతాడు.”

ఆమె చెయ్యి ఆగిపోయింది. తెల్లవారుజామున ఆ అధ్యాయం చదివి వినిపిస్తూ తను అన్న మాటలవి. ఎఫ్రాయిముకి చదువు రాదు. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. పదమూడేళ్ళుగా రోజుకో అధ్యాయం ఆమె చదవడం, అతను వినడం; శనివారం అతను చెప్పడం, అందరూ తలలూపడం. ఎవరి నోట వస్తేనేం, సత్యం సత్యమేగా అని సరిపెట్టుకునేది.

“చూశారా, రాణి అయినా మగాడి కాళ్ళ దగ్గరికి పోతేగాని జ్ఞానం దొరకలేదు,” అన్నాడు ఎఫ్రాయిము.

అది మాత్రం ఆమె అనలేదు. గుమ్మంలోకి వచ్చింది. “అక్కడ కాళ్ళ మాట లేదు. ఆవిడ వెళ్ళింది అతన్ని పరీక్షించడానికి.”

సోదరుల్లో పెద్దవాడైన కల్వర్ట్ గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. “సిస్టర్, ఆడదానికి సత్యం భర్త ద్వారానే వస్తుంది. సందేహాలుంటే ఇంట్లో ఆయన్నడుగు.”

ఎఫ్రాయిము ఆమె వైపు చూడలేదు. “లోపలికి పో, రాణీ. పొయ్యి చూసుకో.”

రాణీ! ఆ పిలుపుతోనే ఇన్నేళ్ళూ గిన్నెలు తోమించాడు. ‘ఆయన్నే చదవమనండి’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పదిమందిలో అతని పరువు పోతుందని మింగేసింది. తన పరువు అదే పదిమందిలో ఇప్పుడే పోయిందని పొయ్యి దగ్గరికొచ్చాక తోచి, ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా అతను చాప మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. “ఊఁ, చదువు.”

“నా సత్యం నీ ద్వారా వస్తుందని కల్వర్ట్ అంటే ఊరుకున్నావు. పదమూడేళ్ళుగా నీది నా గొంతులోంచి వచ్చింది. అక్షరాలు నేర్చుకుంటానంటే నేర్పుతాను. చదివి వినిపించడం మాత్రం నిన్నటితో సరి.”

అతను కళ్ళు తెరిచేసరికి ఐసిల్డా కిటికీ వెలుగులో కూర్చుని, పెదవి కదపకుండా చదువుకుంటోంది.