చేతిలో చెప్పులు

"తొడుక్కో అంటున్న గద!" లింగవ్వ పళ్లు నూరింది.

ఇస్తారి వినలేదు. మరో మేడ కనబడగానే వంగి చెప్పులు విప్పి చేతికి తీసుకున్నాడు. కరీంనగర్‌లో బస్సు దిగినప్పటి నుంచి మొగుడిది ఇదే వరస. వాళ్ల ఊళ్లో దొర ఉండే గడి ముందు నుంచి పోయేవాడు చెప్పులు చేత పట్టుకోవాలి. ఆ దొర వెట్టి పడలేకే ఇద్దరూ ఊరు విడిచి వచ్చేశారు. మధ్యాహ్నం గోదావరిఖని బొగ్గుబాయికి కూలీలను తీసుకుపోయే లారీ ఎక్కితే బతికిపోతారు. తప్పిపోతే మళ్లీ గడే గతి.

"గీడ దొరలెవలున్నరయ్యా? జర కండ్లు దెరిచి సూడు."

షేర్వానీ తొడిగిన ముసలాయన పాన్ నములుతూ పోతున్నాడు. రాష్ట్రాలు కలిశాక వచ్చిన కోస్తా ఆఫీసర్ల ఆడవాళ్లు గొడుగులేసుకుని నడుస్తున్నారు. మార్వాడీ సేటు ధోవతి ఎత్తిపట్టుకుని రోడ్డు దాటాడు. అందరి కాళ్లకూ చెప్పులో, బూట్లో ఉన్నాయి. ఏ మేడ ముందూ ఒక్కరూ విప్పలేదు. ఉత్తకాళ్లతో ఉన్నది రిక్షా లాగేవాళ్లు, మట్టి తట్టలు మోసే ఆడవాళ్లు. వాళ్లకు చెప్పులు లేవు. తన మొగుడికి ఉండీ లేవు. లింగవ్వకు కడుపు మండిపోయింది.

"దొంగ! చెప్పుల దొంగ!"

మేడ గేటులోంచి నౌకరు దూకి ఇస్తారి మెడ పట్టుకున్నాడు. జనం మూగారు. వీధి చివర నుంచి పోలీసు జవాను పరుగెత్తుకొచ్చి ఒక్కటి చరిచాడు.

"ఎక్కడ ఎత్తుకొచ్చినవ్ రే?"

మేడలోంచి వకీలు పేపరు పట్టుకుని బయటికొచ్చాడు.

"చెప్పులు నీవే అయితే కాళ్లకుంటాయి గానీ, చేతిలో ఎందుకుంటాయయ్యా?"

"నీ బాంచెన్ దొరా!" ఇస్తారి నేల మీద బోర్లాపడ్డాడు.

"చూశారా, కాళ్ల మీద పడుతున్నాడు! తప్పు చేయనివాడు ఇలా పడతాడా?"

"వకీల్ సాబ్, ఠైరో, జర ఆగుండ్రి," అన్నాడు జవాను. "తొడిగి సూపియ్ రే. సరిపోతే ఛోడ్ దేతా, ఇడిసిపెడుత."

ఇస్తారి లేచి కూర్చుని చెప్పులు గుండెకు హత్తుకున్నాడు. "దొర వాకిట్ల ఎట్ల దొడుగుత సారూ?"

జనం ఘొల్లుమన్నారు. "సరిపోవని ఎరికే వానికి!" అన్నాడు రిక్షావాడొకడు. జవాను ఇస్తారి రెక్క పట్టి లాగాడు.

లింగవ్వ చెప్పులు లాక్కుని మొగుడి కాళ్ల ముందు విసిరికొట్టింది.

"ఆయన దొర గాదు, వకీలు! తొడుగు! లేకుంటే నువ్వు ఠాణాకు పో, నేనొక్కదాన్నే లారీ ఎక్కుత!"

ఇస్తారి భార్య ముఖం చూశాడు. కళ్లు మూసుకుని ఒక కాలు పెట్టాడు. తర్వాత రెండోది. అరిగిన తోలు మీద బొటనవేలి గుంటలో వేలు సరిగ్గా కూర్చుంది. నవ్వులు ఆగిపోయాయి. జవాను రెక్క వదిలేశాడు.

"నీవేనన్న ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా," అని వకీలు లోపలికి తిరిగాడు.

"ఏం జెప్పాలె?" లింగవ్వ అరిచింది. " దొరకు బయపడి చెప్పులు ఇడిసిండని జెప్పాల్నా? మీకు మా బాధ తెల్వది. తెల్వకనే దొంగలని కొడుతరు! థూ!"

గేటు పడింది.

ఇద్దరూ పరుగెత్తారు. లారీ ఆగే చోటికి చేరేసరికి అది వెళ్లిపోయింది. చాయ్ దుకాణం మనిషి చెయ్యి ఊపాడు. "గిప్పుడే పాయె."

"ఇగ మన ఊరికే పోదమే," అన్నాడు ఇస్తారి రొప్పుతూ. "దొర కాళ్లు వట్టుకుంట."

"వట్టుకో పో. నేను రాను."

లింగవ్వ కొంగు బిగించి, లారీ పోయిన రోడ్డు పట్టింది. కొంతదూరం ఆమె అడుగులే వినిపించాయి. ఆ తర్వాత వెనక చెప్పుల చప్పుడు దగ్గరైంది. ఆమె తిరిగి చూడలేదు. కోపం ఇంకా దిగలేదు.