ఒంటి తుమ్ము

సరుగుడు తోట పూతకొచ్చిన సంగతి ఊరందరికంటే ముందు కామమ్మ ముక్కుకు తెలిసింది.

ఇసుక పల్లె మీదికి కొట్టుకురాకుండా సర్కారువాళ్లు మూడేళ్ల కిందట ఒడ్డు పొడవునా సరుగుడు మొక్కలు నాటించారు. అవి గుడిసెల కప్పులు దాటి పెరిగి, ఆ మాఘమాసంలో మొదటిసారి పూశాయి. గాలి వీస్తే సన్నటి పొడి లేచి ఇళ్ల మీద వాలేది. ఎవరికీ ఏమీ కాలేదు. కామమ్మకు మాత్రం కళ్లు ఎర్రబడి, ముక్కు కారి, తెల్లవారింది మొదలు తుమ్ములే.

తుమ్మితే తుమ్మిందిలే అని ఊరుకోవడానికి లేదు. తెప్పలు నీళ్లలోకి దించే బాట పక్కనే ఆమె గుడిసె. ఒంటి తుమ్ము వినబడితే ఆ పల్లెలో ఎవరూ వెంటనే సముద్రం మీదికి పోరు. జంట తుమ్మయితే శుభం. అందుచేత మగవాళ్లు తెడ్లు భుజాన వేసుకొని నిలబడి ఆమె తుమ్ములు లెక్కపెట్టేవారు. సరి వస్తే కదిలేవారు, బేసి వస్తే కూలబడేవారు. ఒకనాడు పదిహేను దగ్గర ఆగింది. వీళ్లు కాళ్లు కడుక్కొని, కాసేపు కూర్చొని బయలుదేరేసరికి కవళ్ల చేపల గుంపు పక్క ఊరివాళ్ల వలల్లో పడింది.

దాంతో పల్లె పెద్ద కామాక్షయ్య తీర్పు చెప్పాడు. పున్నమిలోగా తుమ్ములు ఆగాలి, లేదంటే పూత రాలిందాకా కామమ్మ పుట్టింట్లో ఉండాలి. మొగుడు ముత్యాలయ్య తలవంచుకొని బొటనవేలితో ఇసుకలో గీతలు గీశాడు. పుట్టింట్లో ఉన్నది వదిన ఆదిశేషమ్మ. మొదటి ముద్ద నోట్లో పెట్టకముందే ఎన్నాళ్లుంటావని అడిగే మనిషి.

అత్త అంకాలమ్మ కొంగు బిగించింది. వావిలాకు మరగబెట్టి, దుప్పటి కప్పి ఆవిరి పట్టించింది. పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్పించింది. మూడు పూటలా మిరియాల చారు తాగించింది. పక్కింటి రెబెక్కమ్మ వచ్చి, ఇంత చేసి తోట వైపు తడిక తెరిచిపెడితే ఏం లాభమని దాన్ని మూయించింది. ఆ పక్క ఆరేసిన కోకలు ఇవతలికి మార్పించింది. బయటికి వస్తే ముక్కుకు తడిగుడ్డ కట్టుకోమంది. గుణం కనబడగానే అది వావిలాకు మహిమని అత్త, తడిగుడ్డ మహిమని రెబెక్కమ్మ రోజంతా వాదులాడుకున్నారు. ఇద్దరి మధ్య ముప్పై తుమ్ములు పన్నెండయ్యాయి, పన్నెండు నాలుగయ్యాయి.

పున్నమి నాడు తెల్లవారుతుండగా తెప్పలు కదిలే వేళకు కామమ్మ వాకిట్లో నిలబడింది. తోట మీదుగా గాలి వీచింది. ఆమె తుమ్మింది.

అందరూ రెండో తుమ్ము కోసం చెవులు రిక్కించారు. రాలేదు. మందు అంత బాగా పనిచేసింది.

కామమ్మ ఈనెపుల్లతో ముక్కు గెలుక్కుంది. అప్పుడే పైకొస్తున్న సూర్యుణ్ణి రెప్ప వేయకుండా చూసింది. అంకాలమ్మ పరుగున పోయి మిరియాలు దంచి తెచ్చింది. కామమ్మకు కళ్లనీళ్లు కారాయి గాని తుమ్ము రాలేదు.

"మూట కట్టుకోమే" అన్నాడు కామాక్షయ్య. "ముప్పై తుమ్మినప్పుడే నయం. సరి లెక్కన్నా వచ్చేది."

ఊరికే పోకుండా, మిరియాలు పాతవని, ఘాటు యాడుండాదని అంకాలమ్మను తప్పుపట్టి, చిటికెడు తీసుకొని నస్యంలా పీల్చాడు. తుమ్ము చివరి తెప్పదాకా వినబడింది. అదీ ఒకటే. ఆయన కూడా రెండోదాని కోసం నోరు తెరిచి చాలాసేపు నిలబడ్డాడు.

"నాదొకటి, నీదొకటి" అంది కామమ్మ మెల్లగా. "జంటయింది గదా మామా."

ఏ మనిషి లెక్క ఆ మనిషిదేనని ఆయన నసిగాడు.

అప్పుడు ముత్యాలయ్య తల ఎత్తాడు. "అట్నా చిన్నాయనా? అయితే నీది గూడా ఒంటి తుమ్మే. పూత రాలిందాకా నువ్వు మీ అత్తగారింట్లో ఉండాల."

కామాక్షయ్యకు అత్తగారింట్లో జరిగే మర్యాద అందరికీ తెలుసు. పిల్లనిచ్చిన మామ ఇంకా గట్టిగానే ఉన్నాడు. ఈ పెద్దమనిషిని ఆయన ఇప్పటికీ వల అల్లడం రాని అల్లుడనే పిలుస్తాడు. మగవాళ్లు కండువాలు నోట్లో కుక్కుకున్నారు.

కామాక్షయ్య సముద్రాన్ని చూశాడు, తోటను చూశాడు, ఒకటి, రెండు అని వేళ్లు మడిచాడు.

"జంటే" అన్నాడు. "తొయ్యండి తెప్పలు."

తెప్పలు అలలు దాటేదాకా కామమ్మ రెండు చేతులతో ముక్కు పట్టుకొని నిలబడింది. తర్వాత లోపలికి పోయి, తడిక దగ్గరికి లాగి, తనివితీరా తుమ్మింది.