మేయరుగారి తడబాట్లు

కెనడాలో ఓ ఊరి మేయరుగారిని నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆయన దగ్గు కూడా గుర్తుపడతాను. హిందీ ప్రాంతంలోని రైల్వే పేట తార్‌బహార్‌లో మా ముందుగదిలో కూర్చుని, పదకొండేళ్లుగా ఆ ఊరి కౌన్సిల్ సమావేశాల రికార్డింగులు విని టైపు చేయడమే నా ఉద్యోగం. మొదటిసారి గెలిచినప్పుడు ఆయన వీధుల్లో మంచు ఎత్తించడం గురించే మాట్లాడేవారు. తర్వాత వంతెన కట్టించారు, బస్సులు పెంచారు. మొత్తం మూడుసార్లు గెలిచారు. మా వార్డు కౌన్సిలరు పేరడిగితే తెల్లమొహం వేస్తాను గానీ, ఆయన భార్య పేరు ఐరీన్ అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మా కంపెనీకో నియమముంది. తడబాట్లు, నసుగుళ్లు తీసేసి మాటని శుభ్రంగా టైపు చేయాలి. రెండేళ్ల కిందట మేయరుగారు 'అదే... ఆ...' అనడం మొదలెట్టారు. చెప్పిందే చెప్పేవారు. అన్నీ తీసేశాను. అదేం రోగమో నాకు మొదటి నెలలోనే తెలిసిపోయింది. అది మా ఇంట్లో కాపురం చేసి వెళ్లిందే.

మా నాన్న విశ్వనాథం రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. మతిమరుపు ముదిరినా అమ్మా నేనూ బయటికి పొక్కనివ్వలేదు. అడిగినవాళ్లకల్లా బాగానే ఉన్నారని చెప్పాం. మాట కోసం తడుముకుంటే అమ్మ పక్కనుంచి అందించేది. ఒక పొద్దున నాన్న పాత యూనిఫాం వేసుకుని డ్యూటీకని బయల్దేరారు. సందు చివర టీ కొట్టు నూకరాజు నమస్కారం పెట్టి దారి వదిలాడు. పాపం, అతనికేం తెలుసు? సాయంత్రానికి పట్టాల పక్కన శవం దొరికింది. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మొన్న కంపెనీ నుంచి మెయిలొచ్చింది. మేయరుగారు నాలుగోసారి నిలబడుతున్నారట. ఆయనకి మతి తప్పుతోందని ఎదుటిపక్షం అంటే, రెండేళ్ల రికార్డు చదువుకోండి, ఒక్క తడబాటైనా ఉందా అని మేయరుగారి పక్షంవాళ్లన్నారట. ఇకనుంచి ప్రతి రికార్డు కిందా 'విన్నది విన్నట్టే రాశాను' అని నేను సంతకం చేయాలట. తడబాట్లు తీసేయాలన్న నియమం మాత్రం మారలేదు.

హెడ్‌ఫోన్లు పాడవడంతో కొత్త రికార్డింగు స్పీకరులో పెట్టాను. పక్కన అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మేయరుగారు అందరికీ కృతజ్ఞతలు చెప్పి, "నా భార్య..." అని ఆగిపోయారు.

అమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు. చేతిలో కాయ కింద పెట్టింది.

"ఏటే రాజీ, ఈయనకీ మీ నాన్న రోగమేనా?"

నేను స్పీకరు శబ్దం పెంచాను.

"ఎవురైనా అందించండర్రా, పాపం," అంది స్పీకరు వైపు వంగి.

అక్కడ ఎవరూ అందించలేదు. ఇక్కడ నా వేళ్లు ఐరీన్ అని అప్పటికే టైపు చేసేశాయి. ఆ పేరు చెరిపేసి, 'ఇరవై రెండు సెకన్లు మౌనం' అని రాశాను. పాత రికార్డుల్లో నేనేం తీసేశానో కూడా రాసి, సంతకం పెట్టి పంపాను. బాధ కలగలేదు, తేలికా కలగలేదు.

మర్నాటి నుంచి నాకు పని రాలేదు. నా రికార్డు ఊళ్లో బయటపడ్డాక ఆయన పోటీ నుంచి తప్పుకున్నారని వారం తర్వాత ఆ ఊరి వార్తల్లో చదివి అమ్మకి చెప్పాను.

"అచ్ఛా. మరి బయటికెల్తే ఎవురైనా ఇంటికి తీసుకొస్తారేటే?"

"తీసుకొస్తారమ్మా. ఇప్పుడు ఊరందరికీ తెలుసు కదా."

అమ్మ వీధి గుమ్మంలోంచి సందు చివరికి చూసింది.

"ఆ నూకరాజుకైనా మనం ఓ మాట సెప్పుండాల్సిందే," అంది.