చాట మీది మాట

"బియ్యం ఏరుతుంటే నోరెందుకు కదులుతున్నది?" అని మా అత్తమ్మ అడిగినప్పుడల్లా నేను చాటలోకి ఇంకాస్త వంగి, నాలుక కింద గింజలను నమలకుండా ఆపేదాన్ని. తనకు చూపు తగ్గిందని ఆమె కామారెడ్డి అంతా చెప్పుకునేది గానీ, కోడలి దవడ కదిలితే మాత్రం ముందు గదిలోంచే కనిపించేది. పెళ్ళి కాని పిల్లలు పచ్చి బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందని మా ఎల్లారెడ్డిలో ఆటపట్టిస్తారు. ఆ భయానికి చిన్నప్పుడు ఒక్క గింజ ముట్టలేదు నేను. ఈ అలవాటు పెళ్ళయ్యాక, రెండోసారి కడుపు పోయాక పట్టుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో మా అత్తమ్మ నన్ను చూస్తూ, "మా ఇంట్ల ఎవ్వలకు గిట్ల కాలే" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి డబ్బాలోంచి పిడికెడు బియ్యం తీసి నోట్లో పోసుకున్నాను. పళ్ళ కింద గింజలు నలుగుతున్నంత సేపూ ఆ మాట వినపడలేదు. ఆ తర్వాత అలాంటి మాట పడ్డప్పుడల్లా చేయి దానంతటదే డబ్బా వైపు పోయేది. కొన్నాళ్ళకు డబ్బాకు తాళం పడింది, తాళంచెవి ఆమె బొడ్లోకి చేరింది. వండాల్సిన బియ్యం కొలిచి ఇచ్చేది. ఆ కొలిచిన దాంట్లోంచే దొంగతనం చేసేదాన్ని.

మా ఆయన అబ్రాహాము, కాలేజీలో లెక్చరర్. ఎనభై ఆరులో డాక్టరేటు కోసం పరిశోధన మొదలుపెట్టాడు. బీడీలు చుట్టే ఆడవాళ్ళ మనసు మీద ఎంత ఒత్తిడి ఉంటుంది, దాని వల్ల ఏ అలవాట్లు పడతాయి, ఒంటికి ఏం జరుగుతుంది అన్నది ఆయన విషయం. మనసు మోయలేనిదాన్ని ఒళ్ళు ఎక్కడో ఒకచోట బయటపెడుతుందనేవాడు. ఆ మాట నాకు నచ్చేది. నా భర్తకు అన్నీ తెలుసనుకునేదాన్ని.

మొదట ఆయనే వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో అచ్చు వేయించిన ప్రశ్నలు. మీకు నిద్ర సరిగా పడుతుందా అని చదివితే, చాటల ముందు కూర్చున్న ఆడవాళ్ళంతా కొంగు సర్దుకుని, "బాగనే ఉన్నం సారూ" అన్నారట. ఆకలి అవుతుందా? బాగనే ఉన్నం సారూ. గుండె దడ, చిరాకు, ఏడుపు? బాగనే ఉన్నం సారూ. దేశంలో ఏ దిగులూ లేని ఆడవాళ్ళంతా కామారెడ్డిలోనే పోగయ్యారని ఇంటికొచ్చి విసుక్కున్నాడు. నాకు నవ్వొచ్చింది. మరునాడు నన్ను పొమ్మన్నాడు.

నేను ప్రశ్నలు పట్టుకుపోలేదు. హమీదున్నీసా ఖాలా అని పెద్దావిడ, ఆమె ఇంటి వాకిట్లోనే ఆ గల్లీ ఆడవాళ్ళంతా చేరి బీడీలు చుట్టేవారు. వాళ్ళ మధ్య కూర్చుని నేనూ ఒక చాట ఒళ్ళో పెట్టుకున్నాను. ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం వంకరటింకరగా నేర్చుకున్నాను. బీడీ చుట్టేవాళ్ళు తల ఎత్తరు. తల ఎత్తితే చేయి ఆగుతుంది, చేయి ఆగితే కూలి తగ్గుతుంది. అందుకే ఎదుటి మనిషి మొహం చూస్తూ చెప్పలేని సంగతులన్నీ అక్కడ చాటలోకి చూస్తూ చెప్పేస్తారు. విన్నవాళ్ళు కూడా తల ఎత్తరు. అయ్యో అని ఎవరూ మీద పడరు. చెప్పిన మనిషి ఏడిస్తే కాసేపు చేతులు మాత్రం మెల్లగా కదులుతాయి.

"చాట మీది మాట చాట మీదనే ఉండాలె బేటీ" అని ఖాలా మొదటి రోజే షరతు పెట్టింది. కాగితం, టేపు రికార్డరు తేవద్దంది. సారుకు ఏదైనా చెప్పాలంటే ముందు ఆ మనిషిని అడగాలి, ఆమె వద్దంటే వద్దు. నేను ఒప్పుకున్నాను. మా ఆయనా ఒప్పుకున్నాడు.

అప్పటి నుంచి నా ఒళ్ళే ఆయన టేపు రికార్డరయింది. పొద్దున్నే ఇంటి పని, మధ్యాహ్నం బీడీల చాట, సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తూ, ఒప్పుకున్నవాళ్ళ మాటలు నేను చెబుతుంటే పీట మీద కూర్చుని ఆయన రాసుకోవడం. రొట్టె మాడితే అత్తమ్మ తిట్లు నాకు. ఒకసారి, మాతో బీడీలు చుట్టే చంద్రవ్వ తన మరిది సంగతి రాసుకొమ్మని, మర్నాడు భయపడి వద్దంది. ఆ సంగతి చెప్పగానే ఆయన రాసిన వాక్యాలన్నీ ఒక్క అక్షరం కనపడకుండా సిరాతో కొట్టేశాడు. పరాయి ఆడదాని మాటకు ఇంత మర్యాద ఇచ్చే మగవాడు ఎంతమందికి దొరుకుతాడని పొంగిపోయాను.

అలా ఉండగా, వాన ముసురుకుని కాలేజీ లేని ఒక మధ్యాహ్నం, అత్తమ్మ చుట్టాలింటికి పోయి ఉంది. ఆయన నా పక్కన కూర్చుని డబ్బా తాళం గురించి అడిగాడు. నేను సిగ్గుతో తల వంచుకుంటే నా చేయి తన చేతిలోకి తీసుకున్నాడు. ఎప్పటిసంది గిట్లున్నది నీకు అన్నాడు. ఏ మాట తర్వాత తినాలనిపిస్తుంది, తినేటప్పుడు లోపల ఎలా ఉంటుంది, తిన్నాక సిగ్గేస్తుందా అని ఒక్కొక్కటీ మెత్తగా అడిగాడు. పెళ్ళయినప్పటి నుంచి నా మాట ఎవరూ అట్లా వినలేదు. అన్నీ చెప్పాను. పోయిన బిడ్డకు లోపల లోపలే నయోమి అని పేరు పెట్టుకున్నానని కూడా చెప్పాను. మా అమ్మకు సైతం తెలియని పేరది. ఆయన నా చేయి వదల్లేదు. ఆ రోజు నాకు బియ్యం తినాలనిపించలేదు. ఇక ఎప్పటికీ అనిపించదనుకున్నాను.

డాక్టరేటు వచ్చింది. కాలేజీ వాళ్ళు సన్మానం పెట్టారు. బీడీల ఆడవాళ్ళను కూడా తీసుకురమ్మని ఆయన ముచ్చటపడితే, ఖాలాను, చంద్రవ్వను వెంటబెట్టుకుని పోయాను. అత్తమ్మ ముందు వరసలో, మేము వెనక. ఆయన మైకు ముందు నిలబడి తన గురువుగారికి, ప్రిన్సిపాలుకు, టైపు చేసినాయనకు పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పాడు. నాకు మాత్రం నా ఓపికకు చెప్పాడు. సరేలే, ఓపికకైనా చెప్పాడనుకున్నాను.

తర్వాత పరిశోధన గురించి మొదలుపెట్టాడు. బీడీల ఆడవాళ్ళ సంగతులు గుర్తుపట్టలేనట్టుగా, గౌరవంగా చెప్పాడు. అప్పుడు, ఈ దిగులు కూలోళ్ళకే ఉంటుందనుకోవద్దు అంటూ, చదువుకున్న ఇంటి కోడలు ఒకామె గురించి ఎత్తుకున్నాడు. కడుపు పోయాక ఆమె పచ్చి బియ్యం తింటుందట. అత్తగారు బియ్యం డబ్బాకు తాళం వేసిందట. సభంతా గొల్లున నవ్వింది. నవ్వు ఆగేదాకా ఆయన చిరునవ్వుతో ఆగాడు. ఎక్కడ ఆగాలో ముందే అనుకుని ఉన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆ పుట్టని బిడ్డకు ఆమె పేరు కూడా పెట్టుకుందన్నాడు. ఆ పేరు మైకులో చెప్పాడు. సభంతా చప్పట్లు కొట్టింది.

నా బిడ్డ పేరు ఈ లోకంలో మొదటిసారి బయటికి వినపడింది, దానికి జనం చప్పట్లు కొట్టారు. ఆ ముసురు మధ్యాహ్నం నా చేయి పట్టుకున్న మనిషి నన్ను ఓదార్చలేదు, ఇంటర్వ్యూ చేశాడు. నేను కొంగున కట్టుకుపోయిన బియ్యం తన వాకిట్లో బుక్కుతుంటే ఖాలా చాలాసార్లు చూసింది, ఎన్నడూ ఏమీ అనలేదు. ఇప్పుడు నా మోకాలి మీద చేయి వేసి, స్టేజీ వైపే చూస్తూ, "నిన్ను అడిగిండా బేటీ?" అంది. నేను తల అడ్డంగా ఊపాను.

ఇంటికి రాగానే అత్తమ్మ, ఇంటి ముచ్చట ఊరందరి ముంగట వేసినవని నా మీదనే లేచింది. మైకులో చెప్పినవాడు కొడుకు, తిట్లు కోడలికి. ఆమె లోపలికి పోయాక నేను ఆయనను అడిగాను.

"నీ పేరు చెప్పలే గదా సలోమీ" అన్నాడు, దండ తీసి మేకుకు తగిలిస్తూ.

"దాని పేరు చెప్పిండ్లు."

"గది లేకుంటే ఆ కథల ప్రాణమే లేదు. చూసినవ్ గదా, ఎంతమంది కండ్లు తుడుచుకున్నరో."

"చంద్రవ్వ వద్దంటే కొట్టేసిండ్లు. నన్నెందుకు అడగలే?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నిన్ను అడగాల్నా? నువ్వు ఇంట్ల మనిషివి గదా" అన్నాడు.

కోపంతో అనలేదు, ప్రేమగానే అన్నాడు. కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. చంద్రవ్వ మాట చంద్రవ్వది. నా మాట మాత్రం ఈ ఇంట్లో బిందెలోని నీళ్ళు, ఎవరికి దాహమైతే వాళ్ళు ముంచుకోవచ్చు.

ఆ వారంలోనే ఆయనకు రెండో పరిశోధన మంజూరైంది. ఈసారి ఎల్లారెడ్డి, మహమ్మద్‌నగర్ వైపు పల్లెల్లో. అది మా పుట్టింటి దిక్కు కాబట్టి నేను పోతే పని సులువని, పొద్దున్నే బస్సు వేళలు చెప్పాడు. ముందుగా ఖాలా వాకిట్లో మిగిలిపోయిన సంగతులు కొన్ని తెమ్మన్నాడు. నేను పోయాను. చాట ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తకుండా, నయోమి సంగతి మొదటి నుంచి చివరిదాకా వాళ్ళకు చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చేతులు మాత్రం కాసేపు మెల్లగా కదిలాయి. ఇకమీదట ఇక్కడి మాట ఒక్కటి కూడా సారుకు చేరదని ఆ చాట మీదే చెప్పి వచ్చాను.

సాయంత్రం నేను రొట్టెలు చేస్తుంటే ఆయన పీట లాక్కుని కూర్చున్నాడు. ఇయ్యాల ఏం చెప్పిండ్లు అన్నాడు. వద్దన్నారు అన్నాను. ఎవరు వద్దన్నారని అడిగితే, అందరూ అన్నాను. ఎల్లారెడ్డికి ఎప్పుడు పోతావంటే, పోను అన్నాను. ఆయన కలం జేబులో పెట్టుకుని, పీట ఇంకా దగ్గరికి జరుపుకుని, పిండి అంటిన నా చేయి పట్టుకున్నాడు. అదే చేయి, ముసురు రోజున విన్న అదే గొంతు.

"ఏమైంది సలోమీ? ఎప్పటిసంది గిట్లున్నది నీకు?"

చేయి వెనక్కి తీసుకుని పెనం మీది రొట్టె తిప్పాను. తల ఎత్తలేదు.

"బాగనే ఉన్న సారూ" అన్నాను.